దాచుకోవడం, దాచిపెట్టడం: చేతి గేమ్ కన్సోళ్ళలో మెమరీ కార్డు

సోనీ సంస్థ 1994లో విడుదల చేసిన తొలి ప్లేస్టేషన్‌కు ఒక మెమరీ కార్డు ఉండేది. దాని సామర్థ్యం 128 కిలోబైట్లు. అందులో ఆట ఉండేది కాదు. ఆట సీడీలో ఉండేది. ఆడినవారు ఎంతదూరం వచ్చారు, ఏమేమి సంపాదించుకున్నారు, ఎక్కడ ఆపారు అన్న వివరం మాత్రమే కార్డులో ఉండేది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో 2 టెరాబైట్ల దాకా కార్డు పెట్టుకోవచ్చు. పాత కార్డుతో పోలిస్తే అది సుమారు ఒకటిన్నర కోట్ల రెట్లు పెద్దది. అందులో వందల ఆటలు పడతాయి. ఆడినవారి పురోగతి మాత్రం ఒక్క బైటు కూడా అందులోకి వెళ్ళదు. స్విచ్ తన సేవ్ ఫైళ్ళను కార్డు మీద రాయదు.

మెమరీ కార్డు అనే పేరు మారలేదు. అది మోసే వస్తువు మాత్రం పూర్తిగా తారుమారయింది. మొదట అది ఆటగాడి జ్ఞాపకాన్ని మోసింది, ఆటను మోయలేదు. ఇప్పుడు ఆటను మోస్తున్నది, ఆటగాడి జ్ఞాపకాన్ని మోయడం లేదు. ఈ మార్పు సాంకేతిక అవసరం వల్ల రాలేదు. కార్డుల్లో చోటు పెరిగిందే తప్ప తగ్గలేదు. ఇది సంస్థలు తీసుకున్న నిర్ణయాల ఫలితం. ఆ నిర్ణయాలను ఒక రచనను చదివినట్టుగా వరసగా చదివి, వాటిలో ఏది ఎవరి మేలు కోరిందో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చర్చకు ఆష్‌బర్న్ తగిన చోటు. వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఉన్న ఈ ఊరిని ‘డేటా సెంటర్ ఆలీ’ అని పిలుస్తారు. కిటికీలు లేని పెద్దపెద్ద భవనాలు, వాటి పక్కన విద్యుత్ సబ్‌స్టేషన్లు, వాటిని ఆనుకుని ఇళ్ళ వరసలు. ఆ ఇళ్ళలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇతరుల సమాచారం పోకుండా కాపాడటమే వృత్తిగా ఉన్నవారు ఆ కుటుంబాలలో తక్కువేమీ కాదు. బాంకులకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ శాఖలకు ఒక ప్రతి పోతే ఇంకొక ప్రతి సిద్ధంగా ఉండేలా చూడటం వారి దినచర్య. వారి ఇంట్లో పిల్లవాడు రెండేళ్ళుగా ఆడుతున్న ఆటకు మాత్రం తరచు ఒకే ప్రతి ఉంటుంది. అది ఎక్కడుందో అడిగితే చాలామంది కన్సోల్ పక్కనున్న చిన్న అర తెరిచి, గోరంత కార్డును చూపిస్తారు. అది సరైన జవాబు కాదు.

1. ఒక మాట, రెండు అర్థాలు

తెలుగులో ‘దాచు’ అనే క్రియకు రెండు అర్థాలున్నాయి. డబ్బు దాచుకున్నాడు అంటే భద్రపరచుకున్నాడని. డబ్బు దాచిపెట్టాడు అంటే, సందర్భాన్నిబట్టి, ఇతరుల కంట పడకుండా చేశాడని. ఒకే ధాతువు, ఎవరికోసం అన్నదానిని బట్టి అర్థం మారుతుంది. తనకోసం చేసుకుంటే భద్రత, ఎదుటివారికి అందకుండా చేస్తే గోప్యత. ఇంగ్లీషు ‘సేవ్’లో ఈ రెండవ ఛాయ లేదు. అందువల్ల మెమరీ కార్డు చరిత్రను విమర్శించడానికి తెలుగు మాటే ఎక్కువ అనువుగా ఉంటుంది.

తెలుగు సాహిత్య చరిత్రలో ఈ రెండు అర్థాలకూ పెద్ద ఉదాహరణలున్నాయి. పదిహేనవ శతాబ్దికి చెందిన తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీకులు రాగిరేకుల మీద చెక్కించారు. అవి తిరుమల ఆలయంలో సంకీర్తన భండారమనే చిన్న గదిలో శతాబ్దాలపాటు ఉండిపోయాయి. సంప్రదాయం చెప్పే లెక్క 32 వేల సంకీర్తనలు. దొరికినవి సుమారు 14 వేలు. రాగి చెక్కు చెదరలేదు. కాని రేకులు భద్రంగా ఉన్న ఆ కాలమంతా ఆ సంకీర్తనలలో అత్యధిక భాగం పాడేవారికి అందలేదు. ఇరవయ్యవ శతాబ్దిలో రేకులను వెలికి తీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించి, అచ్చులోకి తెచ్చిన తరువాతే అవి మళ్ళీ పాటలయ్యాయి.

వేమన పద్యాలది ఇందుకు పూర్తిగా విరుద్ధమైన దారి. వాటికి రాగిరేకులూ లేవు, తాళం వేసిన గదీ లేదు. నోటినుంచి నోటికి, తాటాకునుంచి తాటాకుకు అవి వ్యాపించాయి. ఎవరికి తోచిన మార్పు వారు చేశారు. ఎవరి పద్యమో వేమన పేరుతో కలిసిపోయింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఆ ప్రతులను సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, 1829లో ప్రకటించగలిగాడంటే ఊరూరా ప్రతులుండటమే కారణం. పాఠశుద్ధి తగ్గింది, ఆయుష్షు పెరిగింది.

భద్రపరచడానికి ఈ రెండు పద్ధతులూ అవసరమే. మొదటిదానిలో వస్తువు గట్టిది, ప్రతి ఒకటే, తాళం ఒకరి చేతిలో ఉంటుంది. రెండవదానిలో వస్తువు బలహీనమైనది, ప్రతులు అనేకం, తాళం ఎవరి దగ్గరా ఉండదు. మెమరీ కార్డు వస్తువుగా తాటాకుకన్నా బలహీనమైనది. దానికి సహజమైన పద్ధతి రెండవది. కన్సోళ్ళ తయారీదార్లు దానికి బలవంతంగా మొదటి పద్ధతిని అంటగట్టారన్నది ఈ వ్యాసం చేసే ప్రధానమైన ఆరోపణ.

ఆంధ్ర, తెలంగాణలలో మెమరీ కార్డు సామాన్యుడికి పరిచయమయింది కన్సోల్ ద్వారా కాదు, ఫోను ద్వారా. స్మార్ట్‌ఫోన్లు, చవక ఇంటర్నెట్ రాకముందు బస్టాండు దగ్గరి మొబైల్ షాపులో కార్డు ఇస్తే కొత్త సినిమా పాటలు ‘ఎక్కించి’ ఇచ్చేవారు. ఎక్కించడం అనే మాట బండి మీదికి సరుకు ఎక్కించడం లాంటిదే. కార్డు ఒక బండి. సరుకు ఎక్కుతుంది, దిగుతుంది, ఇంకొక బండికి మారుతుంది. కాపీరైటు చట్టం దృష్టిలో ఆ పని తప్పే, సందేహం లేదు. కాని కార్డు స్వభావాన్ని ఆ దుకాణదారు సరిగానే పట్టుకున్నాడు. ఏ ఫోన్లో పెట్టినా పాట పాడాలి. అదే కార్డు ప్రయోజనం. అమెరికా వచ్చిన తెలుగువారు కన్సోల్ కార్డును చూసినప్పుడు అదే స్వభావాన్ని ఊహించుకోవడం సహజం. కన్సోల్ కార్డు అలా ప్రవర్తించదు.

2. ఆటతోపాటు ప్రయాణించిన జ్ఞాపకం

చేతిలో ఇమిడే కన్సోళ్ళలో విస్తృతంగా అమ్ముడైన నింటెండో గేమ్‌బాయ్ 1989లో వచ్చింది. దానికి మెమరీ కార్డు లేదు. ఆట ఉన్న కార్ట్రిడ్జిలోనే చిన్న మెమరీ చిప్పు, దానికి నిరంతరం విద్యుత్తు అందించే నాణెమంత బాటరీ ఉండేవి. బాటరీ ఉన్నంతకాలం సేవ్ ఉంటుంది. బాటరీ అయిపోతే పోతుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటలలో అదే బాటరీ గడియారాన్ని కూడా నడపవలసి రావడంతో ఇంకా త్వరగా ఖర్చయ్యేది. అలా పోయిన సేవ్‌లు లెక్కలేనన్ని.

ఆ ఏర్పాటులో లోపం ఎంత స్పష్టమో గుణం కూడా అంతే స్పష్టం. ఆట, ఆడిన జ్ఞాపకం ఒకే వస్తువులో ఉండేవి. కార్ట్రిడ్జిని తమ్ముడికిస్తే అన్న సాధించినదంతా తమ్ముడికి చేరేది. పాత సామాన్ల దుకాణంలో కొన్న కార్ట్రిడ్జిలో ముక్కూ మొహమూ తెలియని పిల్లవాడి పేరు, అతడి పోకెమాన్లు కనిపించేవి. లైబ్రరీ పుస్తకం అంచున ఎవరో పెన్సిలుతో రాసిన మాట చదివినట్టే ఉండేది. యంత్రం ఎవరిదన్న ప్రశ్న పుట్టేదే కాదు. ఏ గేమ్‌బాయ్ అయినా ఆ కార్ట్రిడ్జిని చదివేది.

సోనీ తన మొదటి చేతి కన్సోల్ అయిన ప్లేస్టేషన్ పోర్టబుల్‌ను జపాన్‌లో 2004 డిసెంబరులో, అమెరికాలో 2005 మార్చిలో విడుదల చేసింది. అందులో ఆటలు యూఎండీ అనే చిన్న డిస్కుల మీద వచ్చేవి; సేవ్‌లు మెమరీ స్టిక్ డ్యుయో అనే కార్డులో ఉండేవి. అమెరికాలో పెట్టెతోపాటు ఇచ్చిన కార్డు 32 మెగాబైట్లది. మెమరీ స్టిక్ సోనీ సొంత తరహా కార్డు కావడంతో సాధారణ ఎస్‌డీ కార్డులకన్నా ధర ఎక్కువ. కాని ఒక్క విషయంలో ఆ కన్సోల్ ఉదారంగా ఉండేది. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలిస్తే కార్డు మామూలు డ్రైవులా తెరుచుకునేది. సేవ్‌లన్నీ ఒక ఫోల్డరులో, ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క ఉపఫోల్డరుగా కనిపించేవి. దానిని కంప్యూటరులోకి కాపీ చేసుకుంటే భద్రం. ఇంకొక కార్డులోకి కాపీ చేస్తే ఇంకొక యంత్రంలో ఆట అక్కడినుంచే సాగేది. తండ్రి ఇరవై ఏళ్ళ కిందట అలా దాచుకున్న ఫోల్డరు ఈనాటికీ పనిచేస్తుంది. చేతి కన్సోళ్ళ చరిత్రలో ఆటగాడి జ్ఞాపకానికి ఇంత స్వేచ్ఛ అంతకుముందు లేదు, తరువాత కూడా అరుదు.

ఆ స్వేచ్ఛకు నీడ కూడా ఉంది. యంత్రపు లోపలి సాఫ్టువేరును మార్చే పద్ధతులు బయటపడ్డాక, డిస్కు కొనకుండానే ఆట నకలును మెమరీ స్టిక్‌లో పెట్టి ఆడటం మొదలయింది. సేవ్‌లు దాచుకోవడానికి తెరిచిన తలుపు గుండానే దొంగ నకళ్ళూ లోపలికి వచ్చాయి. తరువాతి పదేళ్ళ నిర్ణయాలన్నిటి వెనుకా ఈ భయం కనిపిస్తుంది.

3. తాళం పడిన కార్డు

2011 డిసెంబరులో జపాన్‌లో, తరువాతి ఫిబ్రవరిలో అమెరికాలో వచ్చిన ప్లేస్టేషన్ వీటా ఆ భయానికి సోనీ ఇచ్చిన సమాధానం. దానికి సోనీ మళ్ళీ ఒక ప్రత్యేకమైన కార్డును తయారుచేసింది. వేరే ఏ పరికరమూ దానిని చదవదు. తొలి వీటాలో ఆటలకు ఉపయోగపడే అంతర్గత నిల్వ లేకపోవడంతో కార్డు దాదాపు తప్పనిసరి. అమెరికాలో వైఫై వీటా ధర 249.99 డాలర్లు, 32 గిగాబైట్ల కార్డు ధర 99.99 డాలర్లు. అంటే కన్సోల్ ధరలో ఐదింట రెండు వంతులు కార్డుకే. అంతే సామర్థ్యమున్న సాధారణ ఎస్‌డీ కార్డు ఆ రోజుల్లోనే సగంకన్నా తక్కువకు దొరికేది.

ధర విషయం అప్పట్లో అందరూ విమర్శించినదే. అంతకన్నా లోతైన మార్పు ఒకటుంది. వీటా కార్డు ఒక ప్లేస్టేషన్ ఖాతాకు ముడిపడి ఉంటుంది. ఇంకొక ఖాతా ఉన్న వీటాలో పెడితే కార్డును ఫార్మాట్ చెయ్యమంటుంది, అంటే ఉన్నదంతా చెరిపెయ్యమంటుంది. ఒకే ఇంట్లో అన్నకొక ఖాతా, చెల్లెలికొక ఖాతా ఉంటే ఆ కార్డు ఇద్దరి మధ్యా మారలేదు. కార్డు వస్తువుగా ఇంటిది, అర్థంగా ఖాతాది.

నింటెండో దారి పైకి మెత్తనిది. 2011లోనే వచ్చిన 3డీఎస్ సాధారణ ఎస్‌డీ కార్డునే తీసుకుంది. పెట్టెలో 2 గిగాబైట్ల కార్డు కూడా ఇచ్చింది. కాని డౌన్‌లోడ్ చేసుకున్న ఆటలను, వాటి సేవ్‌లను కార్డు మీద రాసేటప్పుడు ఆ ఒక్క యంత్రానికే తెలిసే గూఢలిపిలో రాసింది. కార్డును కంప్యూటరులో పెడితే ఫోల్డర్లు కనిపిస్తాయి, కాపీ చేసుకోవచ్చు కూడా. ఆ కాపీని ఇంకొక 3డీఎస్ చదవలేదు. యంత్రం పాడైతే కార్డు నిక్షేపంగా ఉన్నా అందులోది చదివేవారుండరు. లిపి తెలిసిన చివరి మనిషి పోయిన తరువాత మిగిలిన శాసనం లాంటిది అది.

ఎస్‌డీ అన్న పొడి అక్షరాలలో ‘ఎస్’ అంటే సెక్యూర్ అని గుర్తుచేసుకోవడం ఇక్కడ అవసరం. 1999లో శాన్‌డిస్క్, మాట్సుషిటా, తోషిబా కలిసి ఈ కార్డును ప్రకటించినప్పుడు, సంగీత సంస్థల కాపీరైటును కాపాడే ఏర్పాటు అందులో ఒక ముఖ్యాంశం. అంటే పేరులోని భద్రత కార్డు కొన్నవారి సమాచారానికి కాదు, ఆ సమాచారం నుంచి హక్కుదార్లకు కలగవలసిన భద్రత. దాచుకోవడం, దాచిపెట్టడం అన్న రెండు అర్థాల మధ్య ఊగిసలాట ఆ పుట్టుకలోనే ఉంది.

4. స్విచ్ చేసిన విభజన

2017 మార్చిలో వచ్చిన నింటెండో స్విచ్ పై రెండు దారులనూ వదిలేసి, కొత్త విభజనను తెచ్చింది. ఆటగాడికి సంబంధించిన ఆస్తిని అది మూడుగా విడదీసింది. మొదటిది ఆట నకలు. అది కార్ట్రిడ్జిలోగాని మైక్రో ఎస్‌డీ కార్డులోగాని ఉంటుంది. రెండవది ఆ నకలును ఆడే హక్కు. డౌన్‌లోడ్ చేసుకున్న ఆట అయితే అది ఖాతాకు కట్టుబడి సంస్థ సర్వర్లలో ఉంటుంది. మూడవది సేవ్, అది యంత్రపు లోపలి నిల్వలో మాత్రమే ఉంటుంది. కార్ట్రిడ్జి మీద ఆడినా, కార్డు మీద ఆడినా సేవ్ లోపలికే పోతుంది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 కూడా ఇదే పద్ధతి పాటించింది. అది ఆటలకు మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే వేగవంతమైన కార్డును మాత్రమే అంగీకరిస్తుంది.

ఈ మూడింటిలో పోతే మళ్ళీ దొరికేది ఏది, దొరకనిది ఏది అని అడిగితే విభజన తీరు బోధపడుతుంది. డౌన్‌లోడ్ చేసుకున్న ఆట నకలు పోతే మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. హక్కు సర్వర్లో ఉంటుంది. మళ్ళీ దొరకనిది సేవ్ ఒక్కటే, ఎందుకంటే దానిని తయారుచేసింది సంస్థ కాదు, ఆటగాడు. యానిమల్ క్రాసింగ్‌లో ఒక పిల్ల రెండేళ్ళపాటు పెంచిన తోట, కట్టిన ఇల్లు, స్నేహితులు రాసిన ఉత్తరాలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. తేలికగా తీసి మార్చుకోగల కార్డుకు తేలికగా దొరికే సరుకునిచ్చి, తీయరాని నిల్వకు దొరకని సరుకును అప్పగించడం ఈ రూపకల్పనలోని అసలైన వైపరీత్యం.

కార్డును పెద్దది చేసుకునే పద్ధతిని చూసినా ఇది తెలుస్తుంది. పాత కార్డులోని నింటెండో ఫోల్డరును కంప్యూటరులోకి, అక్కడినుంచి కొత్త కార్డులోకి కాపీ చేస్తే సరిపోతుంది. సంస్థ సూచించే పద్ధతే ఇది. కాని అది అదే యంత్రానికి మాత్రమే వర్తిస్తుంది. కార్డు పూర్తిగా పాడైనా నష్టం కొన్ని గంటల డౌన్‌లోడు, కార్డులోనే ఉంచిన ఫొటోలు, వీడియోలు. యంత్రం నీళ్ళలో పడితే, విమానాశ్రయంలో పోతే, నష్టం రెండేళ్ళది. సెలవులకు హైదరాబాదు వెళ్ళే కుటుంబం కార్డును జాగ్రత్తగా డబ్బాలో పెట్టి, కన్సోల్‌ను సంచిలో పడేస్తే జాగ్రత్త అంతా తలకిందులైనట్టే.

5. మేఘం, దాని కింది నేల

ఈ కొరతకు నింటెండో 2018 సెప్టెంబరులో చూపిన పరిష్కారం క్లౌడ్. నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందాదార్ల సేవ్‌లను సంస్థ తన సర్వర్లలో భద్రపరుస్తుంది. చందా ఆగిపోతే ఆ ప్రతిని చేరుకోలేరు. 180 రోజులలోగా తిరిగి చేరితే మళ్ళీ అందుతుంది. కొన్ని ఆటలకు ఆ సౌకర్యమే లేదు. యానిమల్ క్రాసింగ్ మొదట అలాంటిదే; తరువాత దానికి వేరే ద్వీప పునరుద్ధరణ ఏర్పాటు చేశారు. అంటే ఒకనాడు కార్డు కొన్న ఖర్చుతో తీరిపోయిన భద్రతకు ఇప్పుడు ఏడాదికొకసారి అద్దె కట్టాలి.

క్లౌడ్ అనే మాటను తెలుగులో మేఘం అంటే బరువు లేనిదన్న భావం కలుగుతుంది. ఆష్‌బర్న్‌లో నివసించేవారికి ఆ భ్రమ ఉండనవసరం లేదు. 1990లలో ఇంటర్నెట్ మార్గాలు కలుసుకునే కూడళ్ళు ఉత్తర వర్జీనియాలో వెలిశాయి. వాటిని అనుసరించి ఫైబర్, భూమి, విద్యుత్తు చూసుకుని డేటా సెంటర్లు వచ్చాయి. ప్రపంచ ఇంటర్నెట్ రవాణాలో 70 శాతం ఇక్కడినుంచే పోతుందన్న మాట తరచు వినిపిస్తుంది. దానికి గట్టి ఆధారం లేదు. ప్రపంచంలో ఇంత దట్టంగా డేటా సెంటర్లున్న చోటు ఇంకొకటి లేదన్నది మాత్రం నిజం. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ‘యు.ఎస్. ఈస్ట్ 1’ అని పిలిచే ప్రాంతం ఈ ఉత్తర వర్జీనియాయే.

2025 అక్టోబరు 20న ఆ ప్రాంతంలో డైనమోడీబీ అనే సేవకు సంబంధించిన చిరునామాల పట్టికలో లోపం తలెత్తింది. సమాచారం ఎక్కడికీ పోలేదు. దానిని చేరే దారి చెప్పే పట్టిక ఖాళీ అయింది. ఆ ఒక్క లోపంతో ఫోర్ట్‌నైట్, రోబ్లాక్స్ వంటి ఆటలు ప్రపంచవ్యాప్తంగా ఆగిపోయాయి. భండారంలో రేకులు భద్రంగానే ఉన్నాయి, తాళంచెవి దొరకలేదు. కొన్ని గంటలలో దొరికింది కాబట్టి కథ సుఖాంతమయింది.

తాళంచెవిని సంస్థే తీసుకుపోయే సందర్భాలు కూడా ఉన్నాయి. 2021 మార్చిలో సోనీ వీటా దుకాణాన్ని మూసివేస్తానని ప్రకటించింది. నిరసనలు రావడంతో ఏప్రిల్‌లో వెనక్కు తీసుకుంది. నింటెండో 2023 మార్చిలో 3డీఎస్ దుకాణంలో అమ్మకాలు ఆపింది. 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ ఆటనూ ఆపింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం ఇప్పుడు బజారులో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. డిజిటల్ వస్తువును అమ్మేవారు తాము ఇస్తున్నది యాజమాన్యం కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి 1న అమలులోకి వచ్చింది. అది మంచి చట్టమే. కాని అది ఆట గురించి మాట్లాడుతుంది, సేవ్ గురించి కాదు. ఆటగాడి సొంత శ్రమ ఎవరిదన్న ప్రశ్న ఇంకా చట్టం గడప దాకా రాలేదు.

6. సంస్థల వాదన, దాని హద్దులు

తయారీదార్ల పక్షాన రెండు బలమైన వాదనలున్నాయి. మొదటిది దొంగ నకళ్ళు. ఆట తయారీకి ఏళ్ళు, కోట్లు పడతాయి. నకలు తీయడానికి నిమిషాలు చాలు. రెండవది న్యాయం. సేవ్‌ను కాపీ చెయ్యగలిగితే పోకెమాన్‌ను స్నేహితుడికిచ్చి, పాత సేవ్‌ను తిరిగి ఎక్కించి, ఇచ్చినదానిని మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఆన్‌లైన్ పోటీలలో ఓడిన ఆటను చెరిపెయ్యవచ్చు. కొన్ని ఆటలకు క్లౌడ్ సౌకర్యం ఇవ్వకపోవడానికి నింటెండో చెప్పిన కారణం ఇదే.

మొదటి వాదన ఆట నకలుకు వర్తిస్తుంది, సేవ్‌కు వర్తించదు. ఆట లేకుండా సేవ్ నిరుపయోగం. దానిని దొంగిలించి లాభపడేవారు లేరు. పాడైన సేవ్ ఫైలు గుండా యంత్రంలోకి చొరబడిన సందర్భాలున్న మాట నిజమే. అది ఫైలును సరిగా పరీక్షించవలసిన బాధ్యతను పెంచుతుంది గాని, ఫైలును యజమానికే దక్కకుండా చెయ్యడానికి సరిపోదు. రెండవ వాదన ఇచ్చిపుచ్చుకునే ఆటలకు నిజమే. ఒంటరిగా ఆడే ఆటల సేవ్‌లకు కూడా అదే తాళం వెయ్యడాన్ని అది సమర్థించలేదు.

కార్డు పక్షాన మాట్లాడేవారు ఒప్పుకోవలసిన నిజాలు కూడా ఉన్నాయి. తోషిబాలో ఫుజియో మసుయొకా 1980లలో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో పట్టి ఉంచుతుంది. సన్నని పొర వెనుక చిక్కిన ఎలక్ట్రాన్లు కాలక్రమంలో జారిపోతాయి. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ పొర అరుగుతుంది. ఒకే గదిలో ఎక్కువ బిట్లు కుక్కే కొద్దీ సామర్థ్యం పెరుగుతుంది, ఓర్పు తగ్గుతుంది. పైగా బజారులో నకిలీ కార్డులు చాలా ఉన్నాయి. 32 గిగాబైట్ల చిప్పుకు 512 అని అబద్ధం చెప్పే సాఫ్టువేరు పెట్టి అమ్ముతారు. అసలు హద్దు దాటేవరకు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఆ తరువాత రాసినది పాతదాని మీద పడుతుంది లేదా ఎక్కడికీ పోదు. కొన్న వెంటనే కార్డును నిండా రాసి, తిరిగి చదివి పోల్చడమొక్కటే నమ్మదగిన పరీక్ష.

అందువల్ల మెమరీ కార్డు రాగిరేకు కాదు, కాలేదు కూడా. దానిమీద ఒక్క ప్రతి ఉంచుకుని నిశ్చింతగా ఉండటం అవివేకం. కాని తాటాకు కూడా అలాంటిదే. పురుగు పడుతుంది, విరుగుతుంది, కాలుతుంది. తెలుగు సాహిత్యం తాటాకు మీద బతికింది తాటాకు గట్టిదనం వల్ల కాదు. పాతబడినదానిని కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసే లేఖకులుండటం వల్ల. బలహీనమైన వస్తువుకు ప్రతే ప్రాణం. ప్రతి తీయనివ్వని బలహీనమైన వస్తువులో రెండు పద్ధతుల దోషాలూ కలుస్తాయి, ఏ ఒక్కదాని గుణమూ మిగలదు.

7. విలువ కట్టే పద్ధతి

కన్సోళ్ళను సమీక్షించేవారు తెర వెలుగును, బాటరీ గంటలను, ఆటల జాబితాను లెక్కిస్తారు. ఆ జాబితాకు ఇంకొక కొలమానం చేర్చాలి. ఆటగాడు చేసుకున్నదానికి అతడే, ఎవరి అనుమతీ లేకుండా, ఎవరికీ చందా కట్టకుండా, రెండవ ప్రతి తీసుకోగలడా? తీసుకున్న ప్రతి ఇంకొక యంత్రంలో బతుకుతుందా? ఈ రెండు ప్రశ్నలకూ ప్లేస్టేషన్ పోర్టబుల్ అవునంది. వీటా కంప్యూటరులోకి ప్రతి తీసుకోనిచ్చింది, కాని ఖాతా హద్దు దాటనివ్వలేదు. 3డీఎస్ కార్డును కాపీ చెయ్యనిచ్చి, ఇంకొక యంత్రంలో చదవనివ్వలేదు. స్విచ్ సేవ్‌ను ఒక యంత్రంనుంచి ఇంకొకదానికి తరలించనిస్తుంది. తరలిన తరువాత మొదటిదానిలో అది ఉండదు. ప్రతుల సంఖ్య ఎప్పుడూ ఒకటే. ఈ కొలతతో చూస్తే ఇరవై ఏళ్ళ చరిత్రలో తెరలు మెరుగయ్యాయి, కార్డులు వేల రెట్లు పెరిగాయి, ఆటగాడి హక్కు మాత్రం క్షీణించింది.

ఆట కేవలం ఆటే కదా, పిల్లల వ్యవహారానికి ఇంత చర్చ ఎందుకన్న ఆక్షేపణ రావచ్చు. ఈ పద్ధతి ఆటలతో ఆగదన్నదే దానికి సమాధానం. ఫొటోలు, ఉత్తరాలు, పుస్తకాలు, సంగీతం అన్నీ ఇదే దారిలో నడుస్తున్నాయి: నకలు చేతిలో, హక్కు ఖాతాలో, జ్ఞాపకం వేరొకరి భవనంలో. ప్రవాస కుటుంబానికి ఇది మరింత దగ్గరి విషయం. వలస వచ్చినవారు వెంట తెచ్చుకోగలిగేది ఎప్పుడూ కొద్దిదే. ఏది పెట్టెలో పడుతుంది, ఏది పడదు అన్న లెక్క వారికి బాగా తెలుసు. తమ పిల్లల తరం చేసుకున్నవి ఏ పెట్టెలోనూ పట్టవని, వాటిని పట్టనివ్వకపోవడం ఒక నిర్ణయమని వారు గుర్తించాలి.

చెయ్యదగిన పనులు తేలికైనవే. ఏ యంత్రంలో సేవ్ ఎక్కడుంటుందో తెలుసుకోవాలి. ప్రతి తీయనిచ్చే చోట తీయాలి. తీయనివ్వని చోట చందాను మరచిపోకుండా చూసుకోవాలి, ఆ ఖర్చును కన్సోల్ ధరలో భాగంగానే లెక్కించాలి. అటకమీది పాత కార్ట్రిడ్జిలో బాటరీ ఇంకా బతికుంటే సేవ్‌ను కంప్యూటరులోకి ఎత్తే పరికరాలు ఉన్నాయి. బాటరీ పోయాక ఏ పరికరమూ పనికిరాదు. సంస్థలను అడగవలసింది కూడా పెద్దదేమీ కాదు. ఒంటరిగా ఆడే ఆటల సేవ్‌లనైనా కార్డు మీదికి కాపీ చెయ్యనిచ్చే ఒక మెనూ చాలు. కార్డులో చోటు కావలసినంత ఉంది. ఆష్‌బర్న్ భవనాలలో ఇతరుల సమాచారానికి రెండవ ప్రతి, మూడవ ప్రతి ఉండి తీరాలని పట్టుబట్టే ఇంజనీర్లకు ఆ అవసరాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. తమ వృత్తిలో మొదటిరోజు నేర్చుకున్న నియమాన్ని ఇంటి వస్తువుకు కూడా వర్తింపజెయ్యమని అడగడానికి వారికన్నా అర్హులు లేరు.